సమాధి రాయి మీద "నిద్రించెను" అనాలా, "సన్నిధికి చేరెను" అనాలా? అసలు దేవుని కాలం, మన కాలం ఒకటేనా?

తెనాలి_చిన్నోడు

అందరికీ వందనాలు. నాన్న పోయి నవంబరుకి ఏడాది. సమాధుల పండుగలోపు రాయి పెట్టిద్దామని నల్లరాయి తెప్పించాం, చెక్కే ఆయన శనివారంలోగా మ్యాటర్ ఇవ్వమన్నాడు. పేరు, తేదీలు రాసేశాం, ఒక్క మాట దగ్గర ఇల్లంతా ఆగిపోయింది. అన్నయ్య "ప్రభువు సన్నిధికి చేరెను" అని రాయిద్దాం అంటాడు. బావగారు అడ్వెంటిస్టు, అంటే చనిపోయినవారు పునరుత్థానం దాకా నిద్రలోనే ఉంటారని నమ్మే సంఘం. "ప్రభువునందు నిద్రించెను" అనే రాయాలని, "చచ్చినవారు ఏమియు ఎరుగరు" అని ప్రసంగి 9:5లో ఉండగా సన్నిధికి ఎలా చేరారని ఆయన పట్టు. ఇద్దరూ నాన్నని ప్రాణంగా చూసుకున్నవాళ్లే, కానీ మొన్న భోజనాల దగ్గర మాటామాటా పెరిగి అక్క ఏడ్చుకుంటూ లేచి వెళ్లిపోయింది.

నాకు తోచింది చెప్తాను, తప్పయితే సరిచేయండి. మూడేళ్ల కిందట నాన్నకి గుండె వాల్వ్ మార్చే ఆపరేషన్ జరిగింది. థియేటర్ బయట ఇనుప కుర్చీలో ఆరు గంటలు కూర్చున్నాను, పక్కన అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకోవడం, విప్పడం, మళ్లీ చుట్టుకోవడం. మర్నాడు ఐసీయూలో గొంతులోంచి పైపు తీశాక నాన్న అడిగిన మొదటి మాట "ఇంకా మొదలుపెట్టలేదా?" అని. మాకు ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి, ఆయనకి రెప్పపాటు కూడా కాలేదు. చావు కూడా ఇలాంటిదే అయితే, కళ్లు మూసిన క్షణమూ, చనిపోయినవాళ్లు లేచే రోజున కడబూర మోగే క్షణమూ ఆయనకి పక్కపక్కనే ఉంటాయి కదా. మన కాలంలో నిద్రలో ఉన్నారు, దేవుని కాలంలో చేరిపోయారు. రెండూ నిజమే అనుకుంటే ఇక గొడవెందుకు?

గుంటూరు_లూథరన్

తమ్ముడూ, నువ్వు చెప్పింది కొత్తది కాదు, 16వ శతాబ్దపు సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ దాదాపు ఇదే అన్నాడు. ప్రభువు వచ్చి సమాధి తట్టి "డాక్టర్ మార్టిన్, లే" అనేదాకా నిద్రపోతాం, లేచాక ఎంతసేపు పడుకున్నామో కూడా తెలియదు అని ఆయన ప్రసంగంలో ఉంది. అయితే ఆయన అన్నిచోట్లా ఒకేలా రాయలేదు, అందుకే ఇరువైపులవాళ్లూ ఆయన్నే చూపిస్తారు. ఇంకో సంస్కర్త కాల్విన్ మాత్రం ఆత్మ నిద్రపోతుందనే మాటని అస్సలు ఒప్పుకోలేదు, దాని మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు, 1534లో మొదలుపెడితే 1542లో అచ్చయింది.

నాకు అభ్యంతరం "చేరెను" అనే మాట మీద. చేరడం అంటే ఇక్కడ బయల్దేరి అక్కడికి పోవడం. మరి నాన్నగారు మంచం మీద ఉన్నప్పుడు దేవుడు ఆ గదిలో లేడా? "నేను ఆకాశమునకెక్కినను నీవు అక్కడను ఉన్నావు, నేను పాతాళమందు పండుకొనినను నీవు అక్కడను ఉన్నావు" అని 139వ కీర్తన. 1529లో మార్బుర్గ్‌లో లూథర్, స్విస్ సంస్కర్త జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నది కూడా ఇదే. క్రీస్తు శరీరం తండ్రి కుడిపార్శ్వాన ఉంది కాబట్టి ప్రభువు బల్ల రొట్టెలో ఉండదని జ్వింగ్లీ, దేవుని కుడిపార్శ్వం అంటే ఏదో ఒక చోటు కాదు, అది అంతటా ఉందని లూథర్. ఈ విషయంలో నేను లూథర్ పక్షమే. దూరం మనకి, ఆయనకి కాదు.

ఏడవ_దినం

మీ బావగారి తరఫున నాలుగు మాటలు చెప్పనివ్వండి, ఎందుకంటే ఇలాంటి చోట్ల మా వాదన సగమే చెప్పి కొట్టేస్తుంటారు. బేతనియ లాజరు చనిపోయాక యేసు ప్రభువు అన్నది "మన స్నేహితుడైన లాజరు నిద్రించుచున్నాడు" అని. సమాధిలో నాలుగు రోజులుండి తిరిగి లేచిన లాజరు పరలోకంలో ఇది చూశాను, అది చూశాను అని ఒక్క మాట చెప్పినట్టు ఎక్కడా లేదు. సిలువ మీద దొంగతో నేడు నాతో పరదైసులో ఉందువని ప్రభువు అన్న మాటలోని "నేడు" గురించి అడుగుతారు కాబట్టి అదీ చెప్తున్నా. గ్రీకు పాత ప్రతుల్లో కామాలు లేవు, "నేడు నీతో చెప్పుచున్నాను" అని కూడా చదవొచ్చు. పైగా ఆదివారం పొద్దున మరియతో ఆయనే "నేను ఇంకను తండ్రియొద్దకు ఎక్కిపోలేదు" అన్నారు.

బ్రదర్, మీరు రెండూ నిజమే అంటున్నారు. అది ప్రేమతో అన్న మాటే, కాదనను. కానీ పునరుత్థానం అనేది ఒక రోజున జరిగే సంగతి. అది దేవుని దృష్టిలో ఎప్పుడో అయిపోయిందనేస్తే, మనం ఎదురుచూస్తున్న రాకడకి విలువేముంటుంది? నాకు భయం అక్కడే.

ఫిజిక్స్_టీచర్_ఖమ్మం

కామా వాదన గ్రీకులో కుదురుతుందేమో గానీ మన తెలుగు బైబిల్లో కుదరదు. "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువని నిశ్చయముగా నీతో చెప్పుచున్నాను" అని ఉంది, "నేడు" పోయి "ఉందువు" పక్కన కూర్చుంది, అనువాదకులు ఒక పక్షం తీసేసుకున్నారన్నమాట. అది అలా ఉంచండి.

నేను వచ్చింది వేరే పని మీద. కాలం అనగానే ఎవరో ఒకరు ఐన్‌స్టీన్‌ని, 2 పేతురు 3:8ని కలిపి, పరలోకంలో గడియారం నెమ్మదిగా నడుస్తుందని చెప్పేస్తారు. చర్చిలో యూత్ పిల్లలు నన్నే అడుగుతారు, సార్ ఒక రోజు ఈక్వల్ టు వెయ్యేళ్లు అంటే నిష్పత్తి ఎంత అని. ఆ వచనం పూర్తిగా చదవండి. "ఒక దినము వెయ్యి సంవత్సరములవలెను, వెయ్యి సంవత్సరములు ఒక దినమువలెను" అని రెండు వైపులా చెప్పింది. నిష్పత్తి అయితే ఒకవైపే నడవాలి, రెండోవైపు తిప్పేసరికి లెక్క చెదిరిపోతుంది. అంటే పేతురు ఇస్తున్నది లెక్క కాదు, లెక్కలు ఆపండి అంటున్నాడు. మన ఫోన్లకి దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాల్లో గడియారాలు మన గడియారాల కంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకి పోతాయి, దాన్ని సరిచేయకపోతే మ్యాప్ తప్పుతుంది. అది నిజమే, కానీ అక్కడ తిరిగేదీ సృష్టిలోని గడియారమే. దేవుడు నెమ్మదిగా నడిచే వాచీ పెట్టుకున్న ప్రయాణికుడు కాదు.

తొలి సంఘపు వేదాంతి అగస్టీన్ సుమారు 400లోనే దీన్ని తేల్చాడు. కాలం కూడా సృష్టే, లోకంతో పాటే పుట్టింది, కాబట్టి సృష్టికి "ముందు" దేవుడు ఏం చేస్తున్నాడు అనే ప్రశ్నకి చోటే లేదు, ఎందుకంటే ఆ "ముందు" అనేదే లేదు. సుమారు 524లో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ జైల్లో బొయేథియస్ అనే రోమన్ తత్వవేత్త ఇంకో అడుగు వేశాడు. నిత్యత్వం అంటే అంతులేనంత పొడుగు కాలం కాదు, అంతం లేని జీవితమంతా ఒక్కసారిగా, సంపూర్ణంగా చేతిలో ఉండటం అన్నాడు. రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషికి ఆ మాట ఎలా తోచిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఫాతిమా_మాత_బిడ్డ

కతోలికురాలిగా మా వైపు తప్పుని కూడా చెప్తాను. మా నాయనమ్మ పాత జపాల పుస్తకంలో ఒక్కో జపం కింద "300 దినముల ఫలము" అని ఉండేది. ఆమె అది ఉత్తరించు స్థలంలో, అంటే చనిపోయిన ఆత్మలు శుద్ధి అయ్యే చోట, 300 రోజులు తగ్గడం అనుకుని, తాతయ్య కోసం పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చెప్పేది. నిజానికి అవి పూర్వం ఇక్కడ భూమి మీద చేసే ప్రాయశ్చిత్తపు రోజుల కొలత, అక్కడి రోజులు కావు. 1967లో ఆరవ పౌలు పోపుగారు ఆ రోజుల లెక్కనే తీసేశారు. 2007లో 16వ బెనెడిక్టు పోపుగారు నిరీక్షణ గురించిన లేఖలో ఆ శుద్ధీకరణ ఎంతసేపో మన లోకపు కొలతలతో లెక్కపెట్టలేమని స్పష్టంగా రాశారు. అదే లేఖలో, ఇంకొకరి కోసం చేసే ప్రార్థనకి ఆలస్యం అయిపోవడం అంటూ ఉండదనీ ఉంది. అందుకే మేం పదేళ్ల తర్వాత కూడా పూజ పెట్టిస్తాం. నాయనమ్మ గీతలు తప్పు లెక్కే, కానీ ఆమె ప్రార్థన తప్పు కాదని నా నమ్మకం.

బెరయ_చదువరి

అందరూ కలిసి దేవుణ్ని కాలం బయట పెట్టేశారు, నాకు అది మింగుడుపడటం లేదు. బొయేథియస్ గొప్పవాడే, కానీ ఆ మాట గ్రీకు తత్వశాస్త్రం నుంచి వచ్చింది. బైబిల్లో పరలోకం తలుపు తెరిచి చూడండి. ప్రకటన 6లో బలిపీఠం కింద ఉన్న హతసాక్షుల ఆత్మలు "యెందాక" అని కేక వేస్తాయి, వాళ్లకి వచ్చిన జవాబు ఇంకా కొంచెం కాలం విశ్రమించమని. 8:1లో "పరలోకమందు ఇంచుమించు అరగంటసేపు నిశ్శబ్దముగా ఉండెను" అని ఉంది. అరగంట! కాలం లేని చోట అరగంట ఎలా గడుస్తుంది? దర్శనం కాబట్టి అలంకారం అంటారని తెలుసు, అయినా ఎదురుచూపు లేని చోటయితే ఎదురుచూపుని ఎందుకు చూపిస్తాడు? 1946లో ఆస్కార్ కల్మాన్ అనే పండితుడు ఇదే వాదించాడు, కొత్త నిబంధనలో నిత్యత్వం అంటే కాలం లేకపోవడం కాదు, అంతులేని కాలం అని.

ఇంకో మాట, దీన్ని ప్రసంగాల్లో విని విని విసిగిపోయాను. క్రోనోస్ మనుషుల కాలం, కైరోస్ దేవుని కాలం అంటారు. జేమ్స్ బార్ అనే బైబిల్ పండితుడు 1962లోనే ఆ పదాలని అలా విడదీయడం కుదరదని చూపించాడు. అపొస్తలుల కార్యములు 1:7లో "కాలములను సమయములను" అన్నప్పుడు ఆ రెండు గ్రీకు పదాలూ పక్కపక్కనే ఉన్నాయి, రెండూ తండ్రి స్వాధీనంలోనే ఉన్నాయి.

తెనాలి తమ్ముడూ, మీ ఉపమానం నా మనసుని కదిలించింది, కానీ అది మీ నాన్నగారికి ఎలా అనిపించిందో చెప్తుంది, దేవుని కాలం ఎలాంటిదో చెప్పదు. మత్తులో ఉన్నవాడికి గడియారం కనబడకపోతే గడియారం ఆగిపోయినట్టా?

తెనాలి_చిన్నోడు

అన్నా, ఆ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు. రాత్రంతా దాని మీదే ఆలోచిస్తూ పడుకోలేదు.

థియేటర్_సిస్టర్

నేను వేదాంతం చదువుకోలేదు. పదకొండేళ్లుగా గుండె ఆపరేషన్ థియేటర్‌లో నర్సుని. చిన్నోడు గారూ, మీరు బయట కుర్చీలో కూర్చున్నారు, మీ నాన్నగారు మత్తులో ఉన్నారు, మేము లోపల ఉన్నాం. ఆ మూడో చోటు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను.

వాల్వ్ మార్చేటప్పుడు గుండెని ఆపేస్తారు, రక్తాన్ని మిషన్ నడిపిస్తుంది. గుండె ఆగినప్పటి నుంచి గడియారం మొదలుపెడతాం. మిషన్ దగ్గర ఉన్నతను మధ్యమధ్యలో పైకి చెప్తుంటాడు, ఇరవై నిమిషాలు, నలభై నిమిషాలు అని, డాక్టరు తల ఎత్తకుండానే "ఊ" అంటారు. మీ నాన్నగారికి తెలియని ప్రతి నిమిషాన్నీ ఆయన పేరు మీద ఎవరో ఒకరు లెక్కపెట్టారు, షీటు మీద రాశారు. ఆయనకి కాలం తెలియలేదు, నిజమే. కానీ ఆయన కాలం ఎక్కడా పోలేదు, మెలకువగా ఉన్నవాళ్ల చేతిలో ఉంది.

బెరయ అన్నగారు అరగంట నిశ్శబ్దం అన్నారు కదా, అది చదవగానే నాకు మా థియేటరే గుర్తొచ్చింది, కుట్లు పూర్తయి, గుండె మళ్లీ కొట్టుకుంటుందా అని అందరం మానిటర్ వైపు చూస్తూ నిలబడే ఆ కాసేపు. పరలోకం కూడా మనతో పాటు ఎదురుచూస్తుందని అనుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు" అని 121వ కీర్తన. నిద్రపోయేది మనం, ఆయన కాదు.

ఏడవ_దినం

సిస్టర్, ఇది నేను ఒప్పుకుంటాను. నిద్ర అనే మాటని మేము భయపెట్టడానికి వాడం, కాపలా ఉన్నవాడి మీద నమ్మకంతోనే వాడతాం.

బెరయ_చదువరి

దేవుడు కాలానికి లోపలా బయటా అనే ప్రశ్న ఇంకా తేలలేదు, దాని మీద ఫిజిక్స్ మాస్టారితో వాదన నాకు మిగిలే ఉంది. కానీ రాయి మీద రాయడానికి అది తేలనక్కర్లేదు.

తెనాలి_చిన్నోడు

సిస్టర్ రాసింది అమ్మకి చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. తర్వాత ఆమే అంది, పైన "ప్రభువునందు నిద్రించెను" అని పెట్టి, కింద ఆ కీర్తన వచనం పెట్టండిరా అని. బావగారు వెంటనే సరే అన్నారు. అన్నయ్యకి పంపించాను, చూశాడు, ఇంకా ఏమీ అనలేదు, నేను కూడా తొందరపెట్టలేదు. చెక్కే ఆయన్ని అడిగితే రెండో లైను పడుతుందట, కాకపోతే అక్షరాలు కొంచెం చిన్నవి చేయాలన్నాడు.