బ్లూ టైగర్ మైటోజీనోమ్: వలయం మూసుకోవట్లేదు, నాడ్5 మధ్యలో స్టాప్‌లు

ప్రశ్న
పడమటి, తూర్పు కనుమల మధ్య వలస తిరిగే బ్లూ టైగర్ సీతాకోకచిలుక మైటోజీనోమ్ (కణంలోని మైటోకాండ్రియాల వలయాకారపు డీఎన్‌ఏ) ఇది. ఛాతీ కండరం డీఎన్‌ఏ, ఇల్యూమినా యంత్రం చదివిన 150 బేసుల జత రీడ్లు (డీఎన్‌ఏ ముక్కలు), మొత్తం 2 గిగాబేసులు. నోవోప్లాస్టీలో (రీడ్లని అతికే ప్రోగ్రామ్) 15.1 కిలోబేసుల కాంటిగ్ (అతికిన వరస) వస్తోంది కానీ వలయం మూసుకోవట్లేదు. మైటోస్‌లో (జీన్లని గుర్తించే టూల్) వేస్తే నాడ్5 జీన్ మధ్యలో స్టాప్ కోడాన్లు (ప్రొటీన్ తయారీ ఆగే గుర్తులు). న్యూక్లియస్‌లో చేరిన నకలు (నుమ్ట్) కలిసిందా? దీన్నిబట్టి ఏ గుంపు ఎక్కడ పుట్టిందో చెప్పొచ్చా?

జవాబు 1
నుమ్ట్ మీదకి పోయే ముందు మైటోస్‌లో జెనెటిక్ కోడ్ నంబరు చూడండి. 2 పెట్టి ఉంటే అది వెన్నెముక జీవులది, అందులో ఏజీఏ అంటే స్టాప్. కీటకాలకి 5 పెట్టాలి, అందులో ఏజీఏ అంటే సెరీన్ అనే అమైనో ఆమ్లం. మార్చినా స్టాప్‌లు మిగిలితే రీడ్లని కాంటిగ్ మీద మ్యాప్ చేసి కవరేజ్ (ఒక్కో బేసు మీద ఎన్ని రీడ్లు పడ్డాయో) చూడండి. మీ డేటాలో ఒక్క శాతం మైటోది అయినా 1300 రెట్ల దాకా రావాలి. దగ్గరి బంధువు మోనార్క్ న్యూక్లియర్ జీనోమ్ దాదాపు 25 కోట్ల బేసులు, ఆ లెక్కన నుమ్ట్‌కి ఏ ఎనిమిది రెట్లో వస్తుంది. కవరేజ్ ఒక్కసారిగా పడిపోయిన చోట అతుకు ఉన్నట్టే.

అన్నట్టు, కాక్స్1 జీన్ సీజీఏతో మొదలైనా, ఒంటి టీతో ముగిసినా దిద్దకండి. సీతాకోకచిలుకల్లో అది మామూలే, పాలీ-ఏ తోక చేరాక టీఏఏ పూర్తవుతుంది.

జవాబు 2
వలయం తెగేది కంట్రోల్ రీజియన్‌లోనే (జీన్లు లేని, ఏటీలు నిండిన భాగం). 12ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జీన్ పక్కన ఏటీఏజీఏ, వెంటనే ఇరవై దాకా టీలు, ఆపైన ఏటీ రిపీట్లు. నోవోప్లాస్టీలో కె-మర్ (రీడ్లని పోల్చే చిన్న ముక్క పొడవు) 33 నుంచి 39కి పెంచండి. రీడ్లకి అడాప్టర్లు (సీక్వెన్సింగ్ కోసం అతికించిన కృత్రిమ ముక్కలు) తీస్తే చాలు, క్వాలిటీ ట్రిమ్మింగ్ (నాణ్యత తక్కువ కొసలు కత్తిరించడం) వద్దు. రెండు కొసల్లో ఒకే సీక్వెన్స్ కనిపిస్తే ఒకవైపుది కత్తిరించండి.

అప్పటికీ కాకపోతే 12ఎస్‌లో ఒకటి, మెథియోనిన్ టీఆర్‌ఎన్‌ఏలో ఒకటి ప్రైమర్ పెట్టి పీసీఆర్ చేయండి. ఎక్స్‌టెన్షన్ (కొత్త పోగు పెరిగే దశ) 72 డిగ్రీల దగ్గర కాదు, 60-65 దగ్గర. అంత ఏటీ ఉన్న చోట 72లో కొత్త పోగు ఊడిపోతుంది. శాంగర్ సీక్వెన్సింగ్ రెండువైపుల నుంచీ చేయించండి. టీల వరస దాటాక పీక్‌లు ఒకదానిమీద ఒకటి పడతాయి, అక్కడి నుంచి ఆ రీడ్‌ని నమ్మొద్దు.

జవాబు 3
పుట్టిన చోటు దీంతో తేలదండీ. మైటోజీనోమ్ తల్లివైపు వంశాన్నే చూపిస్తుంది, పైగా వలసలో గుంపులు కలిసిపోతుంటాయి. వోల్బాకియా (తల్లి నుంచి పిల్లలకి పోయే బ్యాక్టీరియా) ఉంటే ఒకే హాప్లోటైప్ (మైటో డీఎన్‌ఏ రకం) దాంతోపాటు అంతటా పాకగలదు, అదీ చూసుకోవాలి. మెక్సికోలో చలికాలం గడిపే మోనార్క్‌లు ఎక్కడ పుట్టాయో 1998లో కనిపెట్టింది రెక్కల్లోని హైడ్రోజన్, కార్బన్ ఐసోటోపులతో (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు). కాబట్టి రెక్కలు పారేయకుండా పొడిగా కాగితపు కవర్లో దాచండి, కవరు మీద తేదీ, జీపీఎస్ రాసి మరీ.