వంటగదిలో ఎలుకలు, ఏం చేసినా పోవట్లేదు

నిద్రలేని అమ్మ:
రాత్రి పదకొండు నుంచి మేలుకునే ఉన్నాను, ఇప్పుడు రెండున్నర. వంటగదిలో చుంచెలుకలు. బియ్యం డబ్బా మూత కొరికేశాయి, గ్యాస్ గొట్టం దగ్గర కూడా తిరుగుతున్నాయి. బోను పెట్టి ఐదు రోజులైంది, ఒక్కటీ పడలేదు. మందు కూడా పెట్టి చూశాను. పిల్లలకి, పక్కింటి పిల్లికి ఏమీ కాకుండా వీటిని వదిలించుకునే దారి చెప్పండి. ఏడుపొస్తోంది.

తెనాలి మాస్టారు:
అమ్మా, చుంచు వేరు, చిట్టెలుక వేరు. చుంచుకి మూతి పొడుగ్గా ఉంటుంది, కంపు కొడుతుంది, గోడ వారగా పోతుంది. బొద్దింకల్ని, పురుగుల్ని తింటుంది. మీ డబ్బా మూత కొరికింది చుంచు కాదు. పాపం దాన్ని చంపకండి.

సిరిసిల్ల చేనేత:
మాస్టారూ, మా దిక్కు చిట్టెలుకనే చుంచెలుక అంటారు. ఆమె అడిగింది అదే.

తెనాలి మాస్టారు:
అనొచ్చు. కానీ ఏ జంతువో తేలకుండా ఉపాయం ఎలా చెబుతాం? రెట్టలు బియ్యపు గింజంత ఉంటే చిట్టెలుక. అంతకంటే బాగా పెద్దవైతే ఇంటి ఎలుక.

కేకే:
ఏ మందు? పిల్లల వయసెంత?

నిద్రలేని అమ్మ:
పాపకి నాలుగేళ్లు, బాబుకి పదకొండు నెలలు, పాకుతున్నాడు. మందు కొట్లో ఇచ్చిన కేకులు. ఫ్రిజ్ వెనక నాలుగు పెట్టాను, పొద్దున చూస్తే మూడే ఉన్నాయి. ఎలుకే తీసుకెళ్లి ఉంటుంది కదా?

కేకే:
ఇది ముందే చెప్పాల్సింది. మూడూ తీసేయండి. నాలుగోది ఇప్పుడే వెతకండి. ప్యాకెట్ మీద పేరు చూడండి.

నిద్రలేని అమ్మ:
బ్రోమడయోలోన్ 0.005 శాతం అని ఉంది.

ఫార్మసీ అక్క:
ఎలుకలు కేకుని బొరియలోకి లాక్కెళ్లడం మామూలే. కానీ బాబు విషయంలో అలా అనుకుని ఊరుకోవద్దు. ఈ మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న రోజు పిల్లవాడు హాయిగా ఆడుకుంటాడు, రెండు మూడు రోజులకి గానీ చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం రాదు. వాంతి చేయించకండి. ప్యాకెట్ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. విటమిన్ కె1 దీనికి విరుగుడు, భయపడకండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రానికి 1800 116 117 కి ఫోన్ చేసి అడగొచ్చు. ఇంకోమాట, పసుపు భాస్వరం (ఎల్లో ఫాస్ఫరస్) ఉన్న ఎలుకల పేస్టు మాత్రం ఇంట్లోకి తేవద్దు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, దానికి విరుగుడే లేదు.

పిల్లుల ఇల్లు:
ఆ మందు తిన్న ఎలుక చచ్చేలోపు మందకొడిగా తిరుగుతుంది, పిల్లికి సులువుగా దొరుకుతుంది. దాన్ని తిన్న పిల్లికీ, గుడ్లగూబకీ అదే గతి. చచ్చిన ఎలుక కనిపిస్తే కవర్లో కట్టి పారేయండి, పక్కింటివాళ్లకీ చెప్పండి. జిగురు అట్టలైతే అసలు వద్దు. ఎలుక గంటల తరబడి తన్నుకుంటుంది, పిల్లికూనలు కూడా అంటుకుపోతాయి.

తెనాలి మాస్టారు:
మా చిన్నప్పుడు పొలాల్లో యానాదులు కుండలో గడ్డి రాజేసి, బొరియలోకి పొగ ఊది పట్టేవారు. ఏ మందూ లేదు. ఆ విద్యని మనం పోగొట్టుకున్నాం.

కేకే:
మాస్టారూ, మూడో అంతస్తు వంటగదిలో పొగ ఎలా పెడతారు?

మేస్త్రీ పని:
బోను గది మధ్యలో పెట్టారా? గోడకి ఆనించి, రెట్టలు కనిపించే చోట పెట్టండి. ఎలుకలు గోడ వెంబడే నడుస్తాయి. పెద్ద ఎలుకలైతే కొత్త వస్తువు దగ్గరకి రావు. మూడు నాలుగు రోజులు బోను తలుపు పడిపోకుండా కట్టి, తెరిచే ఉంచి, లోపల వేరుశనగ ముద్దో ఉల్లి పకోడీయో పెట్టి తిననివ్వండి. తర్వాత బిగించండి.

అసలు పని మాత్రం కన్నాలు మూయడం. పెన్సిలు పట్టేంత సందు చాలు, చిట్టెలుక దూరుతుంది. సింకు గొట్టం గోడలోకి వెళ్లే చోట చూడండి, నేను వెళ్లిన ఇళ్లలో ఎక్కువగా అక్కడే దొరికింది. స్టీలు పీచు కుక్కి, పైన సిమెంటు పెట్టండి. ఒక్క సిమెంటే పెడితే ఆరకముందే తోడేస్తాయి. గ్యాస్ గొట్టం లోపల స్టీలు తీగ అల్లినదా, మామూలు రబ్బరా చూసి, గాటు ఉంటే ఈ రోజే మార్చండి.

ఫార్మసీ అక్క:
రెట్టలు పొడి చీపురుతో ఊడ్చకండి. బ్లీచింగ్ నీళ్లు చల్లి, పది నిమిషాలు ఆగి, గ్లౌజులతో తుడవండి. బాబు పాకే నేల అది.

నిద్రలేని అమ్మ:
కేకు సింకు కింద దొరికింది, ఒక మూల కొరికి ఉంది. పంటిగాట్లు ఎలుకవే అనిపిస్తోంది. అయినా పిల్లల డాక్టరు రమ్మన్నారు, బయల్దేరుతున్నాం. బోను మధ్యలోనే పెట్టాను. థాంక్సండీ అందరికీ.

సిరిసిల్ల చేనేత:
మా పెరట్లో పందికొక్కు పునాది తవ్వుతోంది. దానికీ ఇదే బోను సరిపోతుందా?