త్రీనాట్‌త్రీ రైఫిల్ భుజాన్ని తంతోంది, ఎలా అలవాటు చేసుకోవాలి?

అన్నలూ, అక్కలూ, మాది దేవరకొండ దగ్గర పల్లె. కానిస్టేబుల్ ట్రైనింగ్‌లో ఉన్నాను. మొన్న మొదటిసారి త్రీనాట్‌త్రీతో 5 రౌండ్లు కాల్చాను. కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపులో పాయింట్ టూటూ (చిన్న తూటా రైఫిల్) కాల్చినప్పుడు భుజానికి ఏమీ తెలియలేదు. అదే ధీమాతో పడుకుని ట్రిగ్గర్ నొక్కాను. గాడిద తన్నినట్టు తన్నింది! ఆ పాత రైఫిల్ బట్‌కు (భుజానికి ఆనించే వెనక భాగానికి) రబ్బరు కూడా ఉండదు, ఒట్టి లోహపు పలకే. భుజం ఎముక దగ్గర కమిలి నల్లగా అయింది.

నొప్పి సంగతి సరే, మూడో రౌండ్ నుంచి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోతున్నాయి. గుండ్లన్నీ టార్గెట్ కిందికే పోయాయి.

"భుజం గుంటలో గట్టిగా ఒత్తిపట్టు" అంటారు మాకు ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్. ఎంత గట్టిగా? బిగబడితే చేతులు వణుకుతున్నాయి. చొక్కా లోపల తువ్వాలు మడిచి పెట్టుకోమని పక్కవాడి సలహా, రేంజ్‌లో ఒప్పుకుంటారా? నాయనకు చెబితే, వడ్ల బస్తాలు మోసిన భుజానికి ఇదెంత అని నవ్వాడు.

పది రోజుల్లో మళ్లీ ఫైరింగ్ ఉంది. ఒకటే టెన్షన్. ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ ప్రాక్టీస్ చేస్తే కళ్లు మూసుకునే అలవాటు పోతుందా? ఎస్సెల్లార్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) తూటా పేలినప్పటి గ్యాస్‌తో పనిచేస్తుంది కాబట్టి తన్ను తక్కువంటారు, నిజమేనా? రెండూ కాల్చినవాళ్లు చెప్పండి.