ముద్దాయితోనే పాత సంబంధం ఉంటే కోర్టులో ఎత్తకూడదా?

నల్లకోటు నాని:
మొన్న ఇక్కడ ఒకాయన "రేప్ కేసులో అమ్మాయి గతం అడగొద్దంటే ముద్దాయి నోరు నొక్కినట్టే" అని రాశారు. అసలు గొడవ ఎక్కడ మొదలైందో చూడండి. 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్‌లో 155(4) అని ఉండేది, ఆమె నడత మంచిది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని నమ్మొద్దనొచ్చు. అది 2002 సవరణతో పోయింది. 2013లో 53ఏ వచ్చింది, ఇప్పుడు ఆ యాక్ట్ బదులు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అది 48వ సెక్షన్. సమ్మతి ఉందా లేదా అనే దగ్గర ఆమె నడత, పాత లైంగిక అనుభవం లెక్కలోకి రావు. ఇందులో అన్యాయం ఏముంది?

పల్నాడు పోరడు:
వేరేవాళ్ల సంగతి వదిలేద్దాం, ఒప్పుకుంటా. కానీ సెక్షన్‌లో "ఎవరితోనైనా" అని ఉంది, అంటే ముద్దాయితో కూడా అనేగా! రెండేళ్లు కలిసున్నవాళ్ల కేసునీ, ముక్కూమొహం తెలియనివాడి కేసునీ ఒకే గాటన కడితే ఎలా? బ్రిటన్‌లో 1999లో ఇలాగే బిగించారు, 2001లో అప్పట్లో అక్కడి పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ వచ్చి, న్యాయమైన విచారణకు అవసరమైతే ముద్దాయితో ఉన్న పాత సంబంధాన్ని రానివ్వాలంది. వాళ్లేమీ తెలివితక్కువవాళ్లు కాదు.

నల్లకోటు నాని:
పరిచయం ఉందని చెప్పుకోవడానికి ఎవరూ అడ్డం రారు బాబూ. అప్పుడు ఒప్పుకుంది కాబట్టి ఆ రోజూ ఒప్పుకునే ఉంటుంది అనకూడదు, అంతే. పోయిన నెల చేబదులు ఇచ్చానని ఇవాళ నా జేబులో చెయ్యి పెడతావా? ఆ రోజు మెసేజ్‌లు ఉన్నాయా, చూపించుకో. పైగా నిషేధం సమ్మతి వరకే, గాయం ఎవరివల్ల అయింది లాంటి ప్రశ్నలకు కాదు.

విశ్రాంత టీచరమ్మ:
1978లో హైదరాబాద్ రమీజాబీ కేసు గుర్తున్నవాళ్లు ఎంతమంది? నల్లకుంట పోలీసులు రేప్ చేశారని ఆరోపణ, భర్త చనిపోయాడు, విచారణ కమిషన్ ముందేమో ఆమె ఎలాంటిదో చెప్పడానికి సాక్షుల్ని వరుసకట్టించారు. కమిషన్ పోలీసులదే తప్పంది. కేసు రాయచూర్ వెళ్లింది, అక్కడ వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. ఇప్పుడు చర్చ చల్లగా చేస్తున్నారు గానీ, ఆ పేపర్లు చదివినవాళ్లకి ఒళ్లు మండేది.

నల్లకోటు నాని:
అమ్మా, చట్టం మారినా అలవాటు పోలేదు. జూనియర్‌గా నేను చూసిందే: ఇన్ కెమెరా, అంటే తలుపులు మూసి చేసే విచారణ, డిఫెన్స్ లాయర్ లాడ్జి రిజిస్టర్ జిరాక్స్ ముందు పెట్టి "ఇంతకుముందు ఇలా ఎన్నిసార్లు సంతకం పెట్టావు?" అన్నాడు. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) లేచే లోపే అడగడం అయిపోయింది. జడ్జిగారు వద్దన్నారు, స్టెనో టైప్ కొట్టలేదు. ఆ పిల్ల మాత్రం చున్నీ కొస మడుస్తూ, విప్పుతూ, మళ్లీ మడుస్తూ, తర్వాతి పది ప్రశ్నలకి "తెలీదండి" అంది. రికార్డులో ఆ ప్రశ్న లేదు, "తెలీదు"లు మాత్రం పదీ ఉన్నాయి.

పల్నాడు పోరడు:
అది తప్పే, కాదనను. మరి పెళ్లి చేసుకుంటానని మోసం చేశాడనే కేసులు, భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 69వ సెక్షన్? అక్కడ రెండేళ్ల కథ ప్రాసిక్యూషనే చెప్తుంది. ముద్దాయి మాత్రం మూగనోము పట్టాలా?

నల్లకోటు నాని:
ఇది పాయింటే, తేలిగ్గా కొట్టేయలేను. మాట ఎప్పుడిచ్చాడు, తర్వాత ఏం చేశాడు, ఆమె ఏం నమ్మింది, ఇవన్నీ అడగాల్సిందే. అంతకుముందు ఆమెకి ఇంకొకడు ఉన్నాడా అన్నదే ఎందుకు? నేను చూసినంతవరకు లాయర్లు మొదట అడిగేది అదే.