బెంచి కింది అడ్డపట్టీలు జిగురుతో అంటించేయొచ్చా?

కొత్తచేతులు:
అందరికీ నమస్కారం. 4 అడుగుల పొడవు, 7 అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న టేకు పలకలు రెండు ఉన్నాయి. వాటిని అంచుకి అంచు కలిపి అంటించి 14 అంగుళాల వెడల్పుతో ఒక మామూలు బెంచి చేద్దామని. ప్లైవుడ్ వద్దు, అమ్మానాన్న రోజూ కూర్చుంటారు కాబట్టి అసలైన కలపతోనే గట్టిగా చేయాలని ఉంది. పలక వంగకుండా కింద అడ్డంగా రెండు పట్టీలు పెట్టి, జిగురు పూసి స్క్రూలు బిగించేసి, కాళ్లు కూడా ఆ పట్టీలకే స్క్రూలతో పెట్టేద్దామనుకుంటున్నా. ఇందులో తేడా ఏమన్నా ఉంటే కోయకముందే చెప్పండి.

ఉలిపట్టు:
పట్టీలు తప్పకుండా పెట్టండి, జిగురు మాత్రం వాటికి వద్దు. చెక్క కోసి ఎన్నేళ్లయినా గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుంటుంది, అదీ ముఖ్యంగా వెడల్పులో, పొడవులో మార్పు దాదాపు ఉండదు. టేకు తక్కువ కదిలే రకమే, అయినా 14 అంగుళాల పలక తేమ రోజులకీ పొడి రోజులకీ మధ్య 2, 3 మిల్లీమీటర్లు మారొచ్చు. కింది పట్టీ పొడవు పలక వెడల్పు వెంబడి ఉంది కాబట్టి అది ఆ వైపు దాదాపు సాగదు. రెండిటినీ కదలకుండా అంటిస్తే ఒత్తిడి అంతా పలక మీద పడి ఎక్కడో ఒకచోట పగులుతుంది.
పట్టీ మధ్యలో ఒక స్క్రూ గట్టిగా బిగించండి. రెండు చివర్ల దగ్గర పట్టీలో వేసే బెజ్జాలు మాత్రం పట్టీ పొడవు వెంబడి కోలగా తీసి, వాషర్ వేసి బిగించండి. పలక వంగదు, కదలాల్సినంత కదులుతుంది. రెండు పలకల అంచులకి జిగురు భయం లేకుండా పూయొచ్చు, రెండూ ఒకే వైపు ఉబ్బుతాయి కదా. అంచులు మాత్రం సందు కనిపించకుండా చిత్రిక పట్టాలి.

చేవకర్ర:
పట్టీల సంగతి పై ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నాకు కాళ్లే టెన్షన్. బెంచికి బరువు కంటే ఊగడం ఎక్కువ చేటు, మనిషి కూర్చుని పక్కకి జరిగిన ప్రతిసారీ కాలు బెంచి పొడవు వైపు లాగబడుతుంది. కాలి తల కోత వైపు, అంటే నారలు తెగి కనిపించే చివర, ఎక్కించిన స్క్రూకి పట్టు తక్కువ, కొన్నాళ్లకి బెజ్జం పెద్దదై వదులవుతుంది. కాలికి కుసి తీసి (అంటే చివర నాలుకలా సన్నగా చెక్కి), పట్టీలో దానికి సరిపడా బెజ్జం తొలిచి దిగ్గొట్టండి, కుసి మందం కాలి మందంలో మూడో వంతు ఉంటే చాలు. రెండు జతల కాళ్లనీ కలుపుతూ పొడుగ్గా ఒక అడ్డకర్ర కూడా వేయండి, అది లేకపోతే ఎంత మంచి అతుకైనా ఊగుతుంది.

నున్నచెక్క:
కుసి మంచిదే, కాదనను, కానీ మొదటిసారి చేసేవాళ్లకి ఉలితో బెజ్జం చదరంగా రావడం కష్టం. కాలు, పట్టీ రెండిట్లోనూ సగం సగం మందం కోసి ఒకదాంట్లో ఒకటి కూర్చోబెట్టి, బోల్టులు రెండేసి వేస్తే సరిపోతుంది, వదులైనా మళ్లీ బిగించుకోవచ్చు. అడ్డకర్ర విషయంలో మాత్రం రాజీ వద్దు. ఎత్తు 18 అంగుళాలు పెట్టండి, పెద్దవాళ్లు లేవడానికి తేలిక. కాళ్లు చివర్ల నుంచి 6 అంగుళాలకి మించి లోపలికి పోకూడదు, ఒక్కరే చివర కూర్చుంటే రెండోవైపు లేచే ప్రమాదం ఉంది.

కొత్తచేతులు:
చాలా థాంక్సండీ. సగం కోత, బోల్టులతోనే చేస్తా. పలకలు పూర్తిగా ఆరాయో లేదో ఎలా తెలుస్తుంది?

ఉలిపట్టు:
తేమ మీటర్ లేకపోతే తూకం వేయండి. పలకల మధ్య సన్నటి పుల్లలు పెట్టి, బెంచి ఉండబోయే గదిలోనే గాలి తగిలేలా పేర్చి, వారానికోసారి తూచండి. బరువు తగ్గుతున్నంతకాలం ఆగాల్సిందే. పాలిష్ వేసేటప్పుడు పలక అడుగుభాగానికి కూడా పైన వేసినన్ని పూతలే వేయండి, ఒకవైపే వేస్తే రెండు వైపులా తేమ ఒకేలా పీల్చుకోక పలక దొప్పలా తిరుగుతుంది. కాళ్ల అడుగున కోత కనిపించే చోట ఇంకో పూత ఎక్కువే వేయండి, నీళ్లు ముందు ఎక్కేది అక్కడే.