తాత ట్రంకు పెట్టెలో దొరికిన మెడల్ ఏమిటి?

ప్రశ్న (పీలేరు నుంచి):
మా తాత బెంగళూరు మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజనీరింగ్ దళంలో పనిచేశాడు. 1971 యుద్ధంలో పాకిస్తాన్‌లోని శకర్‌గఢ్ వైపు మందుపాతరలు తీశానని మాత్రం చెప్పేవాడు. ఇంకేమైనా అడిగితే "ఆ కతలన్నీ ఇప్పుడెందుకు మే" అని ఆవుల దగ్గరికి పోయేవాడు. ఆయన పోయాక ట్రంకు పెట్టె సర్దుతుంటే పంచెల అడుగున గుండ్రటి వెండి మెడల్ దొరికింది. ఒకవైపు నిలువుగా బాయినెట్, ఇంకోవైపు నిలబడిన సైనికుడు. ఎర్ర రిబ్బన్, నడుమ తెల్ల చార. యుద్ధానికి పోయిన వాళ్లందరికీ ఇస్తారని మా చిన్నాన్న అంటున్నాడు. జనవరి 26న ఊరి హైస్కూల్లో తాత గురించి నన్ను మాట్లాడమన్నారు. లేనిది చెప్పకూడదు, ఉన్నది తక్కువ చేయకూడదు. అదే నా టెన్షన్.

జవాబు (మాజీ సుబేదార్, తిరుపతి):
అమ్మా, నువ్వు చెప్పిన గుర్తులన్నీ సేనా మెడల్‌వి. అందరికీ ఇచ్చేది కాదు. 1971లో పశ్చిమ సరిహద్దు వైపు పనిచేసినందుకు ఇచ్చింది పశ్చిమీ స్టార్, అది నక్షత్రం ఆకారంలో ఉంటుంది. సేనా మెడల్ 1960లో మొదలైంది. ఫలానా జవాను ఫలానా పని చేశాడని పైకి రాసి పంపితే, పరిశీలించి ఇస్తారు. ధైర్యానికీ ఇస్తారు, విధి నిర్వహణకూ ఇస్తారు, మెడల్ మాత్రం ఒకటే. ఎందుకిచ్చారో సైటేషన్, అంటే కారణం రాసిన పత్రం చూస్తేనే తెలుస్తుంది.

అంచు చూడు, నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. దయచేసి చింతపండు పెట్టి తోమొద్దు, అక్షరాలు అరిగిపోతాయి.

శకర్‌గఢ్ అంటే బసంతర్ నది గుర్తొస్తుంది. ట్యాంకులు నది దాటాలంటే ముందు సాపర్లు మందుపాతరలు తీసి దారి చేయాలి. అవతల నుంచి ఫిరంగి గుండ్లు పడుతుంటాయి, చేతిలో ఉన్న పని మాత్రం తొందరపడితే ప్రాణం తీసేది. 1971 డిసెంబరు 16న అక్కడ ప్రాణమిచ్చిన ట్యాంకు దళ అధికారి అరుణ్ ఖేత్రపాల్‌కు 21 ఏళ్లు, పరమవీర చక్ర ఇచ్చారు. దారి తీయించిన మేజర్ విజయ్ రతన్ చౌదరికి మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. ఖేత్రపాల్ పేరు దేశమంతా తెలుసు, తెలియాల్సిందే. దారి తీసిన జవాన్ల పేర్లు వాళ్ల ఊళ్లలోనైనా తెలియాలని నా కోరిక. మీ తాత ఆ నది దగ్గరే ఉన్నాడా అన్నది ఆయన యూనిట్‌ను బట్టి తేలుతుంది.

జవాబు (చిత్తూరు నుంచి):
అక్కా, డిశ్చార్జ్ బుక్ (సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే పుస్తకం) వెతకండి, మెడల్స్ అందులో రాసి ఉంటాయి. దొరక్కపోతే సర్వీస్ నంబరుతో బెంగళూరులో మద్రాస్ సాపర్స్ రికార్డ్స్ ఆఫీసుకు రాయండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్లు సాయం చేస్తారు. ధైర్యానికి ఇచ్చినదైతే కేంద్రం నెలకు 2,000 రూపాయల భత్యం 2017లో నిర్ణయించింది, భార్యకూ వర్తిస్తుంది. మీ అవ్వకు వస్తోందో లేదో తప్పకుండా అడగండి.

ప్రశ్న అడిగినవారు:
భూతద్దం పెట్టి చూస్తే అంచు మీద తాత పేరు, ముందు నాయక్ అని ర్యాంకు కనిపించింది. డిశ్చార్జ్ బుక్ అవ్వ బీరువాలో ఉంది. అందులో సేనా మెడల్ పక్కన గ్యాలంట్రీ అని, అంటే ధైర్యానికని రాసి ఉంది సార్! చిన్నాన్నకు కూడా చూపించాను. సైటేషన్ కాపీ కోసం రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం రాస్తున్నాను. అది రాకముందే జనవరి 26 వచ్చినా, పుస్తకంలో ఉన్నదీ సాపర్ల పనీ పిల్లలకు చెబుతాను.