అకిలిస్ నొప్పి తగ్గుతోంది, 20 వారాల్లో మొదటి హాఫ్ మారథాన్: యాడ మొదలుపెట్టాలి?

జీవకోన_పరుగు:
ఎడమ కాలు. పరుగు ఆపి 8 వారాలు. నడకలో నొప్పి లేదు గానీ పొద్దున మంచం దిగితే పది అడుగుల దాకా పట్టేసినట్టుంటుంది. స్కాన్‌లో చిరుగు లేదు. రేసు 21.1 కి.మీ. మధ్యలో అలిపిరి మెట్ల మొక్కు ఒకటుంది. ప్లాన్ చెప్పండి.

పిక్కబలం:
ముందు చోటు తేల్చండి. అకిలిస్ అంటే మడమ పైన నిలువుగా ఉండే పట్టీ. దాన్ని (మనం నరం అంటాం, నిజానికి పిక్క కండను మడమ ఎముకకు కట్టే టెండన్) రెండు వేళ్లతో పట్టుకుని పైనుంచి కిందికి నొక్కుతూ రండి. ఎముకకు 2 నుంచి 6 సెం.మీ. పైన నొప్పి పుడితే మధ్యభాగం. సరిగ్గా ఎముకకు అతుక్కునే చోట పుడితే వేరే రకం. రెంటికీ వ్యాయామం ఒకటే అనుకోవడం దగ్గరే సగం మంది దెబ్బతింటారు.

మధ్యభాగమైతే స్వీడన్ డాక్టర్ ఆల్‌ఫ్రెడ్‌సన్ 1998లో రాసిన పద్ధతి: మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడండి. రెండు కాళ్లతో పైకి లేచి, బరువంతా నొప్పి కాలి మీదికి మార్చి, మడమను మెల్లగా మెట్టు కిందికి దించండి. మళ్లీ పైకి లేచేదానికి రెండో కాలే వాడాలి. మోకాలు నిటారుగా 15 చొప్పున 3 సార్లు, కొంచెం వంచి ఇంకో 3 సార్లు. పూటకు 90, రోజుకు 180, 12 వారాలు. సులువైతే వీపు సంచిలో 5 కేజీల బియ్యం వేసుకోండి.

ఎముక దగ్గరి నొప్పికి మెట్టు వద్దు. చదునైన నేల మీదే లేవండి, దిగండి. మడమ కిందికి పోయిన కొద్దీ టెండన్ ఎముకకు ఒత్తుకుంటుంది. గోడకు ఆనుకుని పిక్క లాగడం, గొంతుకూర్చోవడం, ఆ చోట నూనె పెట్టి గట్టిగా రుద్దడం కూడా ఆపండి.

జీవకోన_పరుగు:
నొక్కి చూశాను. ఎముక మీద కాదు, సుమారు రెండు వేళ్లు పైన.

తెల్లారి_అయిదు:
అయితే మధ్యభాగమే. ఇక పరుగు సంగతి. పరిగెత్తేటప్పటి నొప్పి కన్నా మర్నాడు పొద్దున ఆ పది అడుగులే అసలు కొలత. 10కి ఎంతో రోజూ రాయండి. పరుగులో 4, 5 దాకా వచ్చినా మర్నాటికి మామూలు స్థాయికి దిగితే ఆ మోతాదు సరిపోయినట్టు. నిన్నటి కన్నా పెరిగితే మోతాదు ఎక్కువైంది, ఒకడుగు వెనక్కి.

1-4 వారాలు: చదును నడక 30-40 నిమిషాలు, పైన చెప్పిన వ్యాయామం.
5-10: రోజు విడిచి రోజు. 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, 8 సార్లు. మర్నాటి నొప్పి చూసుకుంటూ పరుగు పెంచి, నడక తగ్గిస్తూ పోండి. 10వ వారానికి ఆగకుండా 30 నిమిషాలు రావాలి.
11 నుంచి 19, వారానికొక పొడుగు పరుగు: 6, 7.5, 9, 7, 10.5, 12, 14, 16, 9 కి.మీ. 20వ వారం రేసు.

ఇందులో వేగం పెంచే పూటలు లేవు, మర్చిపోయి కాదు. అకిలిస్ మీద దూరం కన్నా వేగం, ఎక్కుడు వేసే భారమే ఎక్కువ.

జూరోడ్డు_మామ:
ఈ ప్లాన్‌లో ఒక లోపం, సామీ. ఒక్క వారం జ్వరమొస్తే మొత్తం జారిపోతుంది. 10వ వారం చివర ఒంటి కాలి మీద మడమ లేపడం 20-25 సార్లు రాకపోయినా, రెండో కాలికీ దీనికీ చాలా తేడా ఉన్నా, హాఫ్ వదిలి 10 కి.మీ.కి మార్చుకోవడమే మేలు.

తెల్లారి_అయిదు:
ఒప్పుకుంటాను. మార్చుకోకపోతే రేసులో మొదటి కిలోమీటరు నుంచే 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక. అలిసిపోయాక నడవడం వేరు, ఇది వేరు. గంటకు 8 కి.మీ. పరుగు, 6 కి.మీ. నడక లెక్కన 2 గంటల 47 నిమిషాల్లో అయిపోతుంది. కటాఫ్ (రేసు ముగించాల్సిన గడువు) ముందే చూసుకోండి.

పిక్కబలం:
దారి విషయం. తిరుపతి ఊరంతా కొండ నించి స్వర్ణముఖి నది వైపు వాలు. అలిపిరి వైపు పరిగెత్తితే తెలీకుండానే ఎక్కుడు, పిక్క మీదే భారం. మొదటి 10 వారాలు యూనివర్సిటీ గ్రౌండు చాలు, కాకపోతే అర్ధగంటకోసారి తిరిగే దిశ మార్చండి. ఇసుక వద్దు, మడమ కూరుకుపోతుంది.
షూ మడమ ముందు భాగం కన్నా 10 మి.మీ. ఎత్తుండేది తీసుకోండి. బూటు మొత్తం చదునుగా ఉండేవి ఇప్పుడు కాదు. ఇంట్లో వట్టి కాళ్లతో తిరిగేది కూడా మొదటి నెల తగ్గించండి.

మందులషాపు_పక్కన:
రెండు మాటలు. సిప్రోఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్స్ టెండన్‌ను దెబ్బతీస్తాయి, అకిలిస్‌ను మరీ. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే మందు కాగితం మీద పెట్టె కట్టి హెచ్చరిక రాయించింది. మూత్రంలో మంట అని వెళ్లినా ఈ నొప్పి సంగతి డాక్టర్‌కు చెప్పండి. రెండోది, పరుగుకు ముందు డైక్లోఫెనాక్ (నొప్పి మాత్ర) వద్దు. నొప్పి కొలత పోతుంది, చెమట పట్టిన ఒంట్లో కిడ్నీలకూ మంచిది కాదు.
పరిగెత్తేటప్పుడు మడమ వెనక ఎవరో తన్నినట్టు ఠప్పుమని, మునివేళ్ల మీద లేవలేకపోతే ఇంకేం ఆలోచించొద్దు, ఎముకల డాక్టర్ దగ్గరికి ఆ రోజే.

జీవకోన_పరుగు:
మరి మొక్కు?

జూరోడ్డు_మామ:
అలిపిరి 3550 మెట్లు, సుమారు 9 కి.మీ. చెప్పుల్లేకుండా. గాలిగోపురం దాకా నిటారు, చివర మోకాళ్ల మెట్టు. దాన్ని పూజగా కాక ఆ వారం పొడుగు పరుగుగా లెక్క వేయాలి, ఆ రోజుకు ముందు రెండు రోజులు, తర్వాత మూడు రోజులు పరుగు లేదు. పాదమంతా మెట్టు మీద ఆనించి తొడతో లేవండి, మునివేళ్లతో తోస్తూ ఎక్కితే పిక్క 3550 సార్లు పని చేస్తుంది. శ్రీవారి మెట్టు 2388 మెట్లే గానీ దూరం తక్కువ, అందుకే ఎక్కుడు ఎక్కువ. ఈ కాలుకు అది వద్దు.
రేసుకు ముందే తప్పనిసరైతే 14వ వారం, 7 కి.మీ. ఉన్న వారం, ఆ పరుగు బదులు. తప్పనిసరి కాకపోతే రేసయ్యాక మూడు వారాలకు. దిగేది మాత్రం బస్సులో.